కరెంటు పోయినప్పుడల్లా 2018కి వెళ్లిపోయిన కంప్యూటర్: నా అనుభవం

పొద్దున ఏడుంపావుకు మా బావ ఫోన్ చేశాడంటే అది క్షేమ సమాచారాల ఫోన్ కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అనంతపురం సాయినగర్‌లో ఆయనకు చిన్న రక్తపరీక్షల ల్యాబ్ ఉంది, ఆ టైమ్‌కి పరగడుపున షుగర్ టెస్టుకు వచ్చినవాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని ఉంటారు. "రేయ్, నెట్ రావట్లేదు, వాట్సాప్ తెరుచుకోవట్లేదు, పైగా ఇక్కడ ఒకాయన కొట్లాటకు వచ్చినాడు" అన్నాడు. కొట్లాట దేనికంటే ఆయన చేతిలో పెట్టిన రిపోర్టు మీద తేదీ 2018 అని ఉంది. "ఏమప్పా, పాత కాగితం ఇచ్చి పంపితే డాక్టరు నన్ను కదా తిట్టేది" అని ఆయన అరవడం ఫోన్లో నాక్కూడా వినిపించింది.

నేను కంప్యూటర్ ఇంజనీర్‌ని కాదు. ఒక ఆఫీసులో లెక్కలు చూసుకుంటాను, లినక్స్ (విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అనేది కాలేజీ రోజుల్లో పట్టిన పిచ్చి. కానీ ఇంట్లో ఒక్కడికి కంప్యూటర్ తెలుసని చుట్టాలకు తెలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా, బావ ల్యాబ్‌లో కౌంటర్ దగ్గరున్న పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 18.04 (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించి, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పెట్టి, లోపల శాంపిల్ రూమ్‌లోని ఇంకో కంప్యూటర్‌ని దానికి కలిపింది నేనే. కాబట్టి తిట్లలోనూ నాకు వాటా ఉంది.

వెళ్లేసరికి కేబుల్ నెట్ అతను కూడా వచ్చి ఉన్నాడు. "అన్నా, నెట్ బాగానే ఉంది, నా ఫోన్‌లో చూడండి వైఫై ఎట్లా పరిగెత్తుతోందో" అన్నాడు. నిజమే. కానీ కంప్యూటర్‌లో ఏ సైట్ తెరిచినా మీ గడియారం వెనకబడి ఉంది అని బ్రౌజర్ చెప్పి ఆపేస్తోంది. సైట్‌కి భద్రత కోసం ఇచ్చే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని ఉంటుంది, మన కంప్యూటరేమో 2018లో కూర్చుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, మరి ఎలా నమ్ముతుంది? ఈ మాట కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి తెలియదు, తప్పు ఆమెది కాదు, అక్కడ రాసింది ఇంగ్లీషులో ఉంది, ఎర్ర గుర్తు కనిపిస్తే ఎవరైనా నెట్ పోయిందనే అనుకుంటారు.

చేత్తో తేదీ, టైమ్ సరిచేశాను. వాట్సాప్ తెరుచుకుంది, కొట్లాటాయనకు కొత్త కాగితం అచ్చువేసి ఇచ్చాం, టీ తాగి ఆఫీసుకు వెళ్లిపోయాను. అయిపోయిందనుకున్నాను.

రెండు రోజులు ఏమీ లేదు. గురువారం పొద్దున మళ్లీ 2018.

ఈసారి కొంచెం ఆలోచించాను. రోజూ వస్తే ఒక రకం, అప్పుడప్పుడు వస్తే అది ఇంకో రకం జబ్బు. బుధవారం రాత్రి ఎవరు మూశారని అడిగితే, ఆ రోజు లోపల పనిచేసే కుర్రాడు మూశాడు, అతను వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర మెయిన్ స్విచ్ కూడా ఆపేస్తాడట. అమ్మాయి మూసిన రోజుల్లో కంప్యూటర్ మాత్రమే షట్‌డౌన్ చేస్తుంది, స్విచ్ ముట్టుకోదు. తాళంచెవి ఇదే. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది, దాంతోనే లోపలి గడియారం నడిచిపోతుంది. గోడ దగ్గరే ఆపేస్తే ఆ గడియారానికి దిక్కు మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒక్కటే. అది చచ్చిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు.

అయితే ఒక చిక్కు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు లేచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అక్కడ 2012 జనవరి 1 అని ఉంది, రిపోర్టుల మీదేమో 2018. బ్యాటరీ చచ్చిన గడియారం 2012కి పోతే, మరి ఈ ఆరేళ్లు ఎవరు కలిపారు? కంప్యూటర్ తను చేసిన పనులు రాసుకునే లాగ్ తీసి చూస్తే సమాధానం దొరికింది. బూట్ అవుతున్నప్పుడు సిస్టమ్‌డీ (లినక్స్‌లో మిగతా పనులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) గడియారం చూసి, ఈ టైమ్ నేను తయారైన రోజు కంటే పాతది, ఇది అసాధ్యం అని తనే ముందుకు జరుపుకుంటుందట, ఎంతవరకు అంటే తను తయారైన రోజు వరకు. 2018 అనేది ఆ సాఫ్ట్‌వేర్ పుట్టినరోజు అన్నమాట. తెలివైన పనే, కానీ సగం తెలివి.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ టవర్ క్లాక్ దగ్గర వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. (టవర్ క్లాక్ గురించి మా ఊళ్లో ఒక లెక్క చెప్పుకుంటారు, ఎనిమిది పలకలుగా కట్టడం ఆగస్టు నెలకు గుర్తు, 47 అడుగుల ఎత్తు 1947కి గుర్తు అని. గడియారం బ్యాటరీ కొనడానికి గడియారం కిందికే వెళ్లడం నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు.) పాత బ్యాటరీ ఇస్తే మీటర్ పెట్టి చూపించాడు, 3 వోల్టులు ఉండాల్సిన చోట ఒకటిన్నర కూడా లేదు. సీఆర్ 2032 అనే మామూలు బిళ్ల, కారు తాళాల్లో కూడా ఇదే వేస్తారు. ఇంకో మాట చెప్పాడు, చేతి వాచీలో ఉండేది, మీ కంప్యూటర్ గడియారంలో ఉండేది ఒకే రకం స్ఫటికం సార్, సెకనుకు 32,768 సార్లు కొట్టుకుంటుంది, రెండుతో భాగిస్తూ పోతే సరిగ్గా పదిహేనోసారికి ఒకటి వస్తుంది, అందుకే ఆ లెక్క అని. అప్పటిదాకా ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

బ్యాటరీ మార్చాను, బయోస్‌లో టైమ్ పెట్టాను, ఆన్ చేశాను, టైమ్ సరిగ్గా ఉంది. బావ భుజం తట్టాడు.

శుక్రవారం పొద్దున ఏడు ఇరవైకి తీసిన రక్తానికి రిపోర్టు మీద మధ్యాహ్నం 12:50 అని పడింది.

తేదీ మాత్రం కరెక్టే, గంటలే తప్పు. ఐదున్నర గంటల తేడా అనగానే మన దేశంలో ఎవరికైనా వెలగాలి, నాకు వెలగడానికి పది నిమిషాలు పట్టింది. మన టైమ్ గ్రీనిచ్ టైమ్ కంటే ఐదున్నర గంటలు ముందు, 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్క అని చిన్నప్పుడు చదువుకున్నదే. లినక్స్ మామూలుగా లోపలి గడియారంలో గ్రీనిచ్ టైమ్ (యూటీసీ అంటారు) ఉందనుకుని దానికి ఐదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. విండోస్ అలా కాదు, ఊరి టైమే అక్కడ ఉందనుకుంటుంది. నేను బయోస్‌లో గోడ గడియారం చూసి మన టైమే పెట్టేశాను, లినక్స్ దాని మీద ఇంకో ఐదున్నర గంటలు కలిపింది. ఇంకా నయం పొద్దునే బయటపడింది, అలాగే వదిలేసి ఉంటే సాయంత్రం ఆరున్నర దాటాక తీసిన ప్రతి శాంపిల్ మీద రేపటి తేదీ పడేది.

సరే, అది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న ఇక్కడే మొదలైంది. గురువారం రాత్రి నేను ఆన్ చేసినప్పుడు టైమ్ సరిగ్గానే ఉంది కదా? అప్పుడు కూడా లోపల తప్పే ఉండాలి కదా? అంటే గురువారం రాత్రి నెట్ నుంచి టైమ్ తెచ్చుకుని సరిచేసుకుంది, శుక్రవారం పొద్దున తెచ్చుకోలేదు. బ్యాటరీ చచ్చినా, నేను తప్పు పెట్టినా, నెట్ నుంచి టైమ్ వస్తుంటే ఇవేవీ బయటపడేవి కావు. బ్యాటరీ బాగున్నన్నాళ్లు నెట్ నుంచి టైమ్ రాకపోవడమనే ఈ రెండో తప్పును అది కప్పిపెట్టింది, ఎన్నేళ్లుగానో.

మళ్లీ లాగ్ తీశాను. పొద్దున బూట్ అయిన రోజులన్నిటిలో ఒకటే వరస: టైమ్ సర్వర్ (అడిగితే టైమ్ చెప్పే నెట్‌లోని కంప్యూటర్) పేరు వెతికాను, దొరకలేదు, సరిపోయే సర్వర్ లేదు, ముగించాను. ఆ వరస రాయించింది ఎవరంటే కంప్యూటర్ లేవగానే చేయాల్సిన పనులు రాసే ఆర్‌సీ డాట్ లోకల్ అనే ఫైల్‌లో ఎన్‌టీపీడేట్ (నెట్ నుంచి టైమ్ తెచ్చే కమాండ్) అని ఉన్న ఒకే ఒక్క లైను. దాన్ని పెట్టింది ఎవరంటే నేనే, కొన్నేళ్ల కిందట. పైగా ఉబుంటులో తనంతట తాను టైమ్ సరిచేసుకునే సర్వీస్ ఒకటి ఉంటే, రెండూ ఎందుకులే అని దాన్ని ఆపేసింది కూడా నేనే. ఎందుకలా చేశానో ఇప్పుడు గుర్తు లేదు. ఎన్‌టీపీడేట్ స్వభావం ఏంటంటే, ఒకసారి వెళ్లి తలుపు కొడుతుంది, తీయకపోతే వెనక్కి వచ్చేస్తుంది, ఇంక జన్మలో వెళ్లదు.

ఇలా నెట్ మీద టైమ్ తెచ్చుకునే ఎన్‌టీపీ అనే పద్ధతి కొత్తదేమీ కాదు. డేవిడ్ మిల్స్ అనే అమెరికా ప్రొఫెసర్ రూపొందించారు, దాని మొదటి ప్రమాణ పత్రం 1985 నాటిది, ఆయన 2024 జనవరిలో చనిపోయారు. యూడీపీ (నెట్‌లో సమాచారం పంపే ఒక పద్ధతి)లో 123వ పోర్టు (నంబరు వేసిన తలుపు లాంటిది) మీద నడుస్తుంది. ముందు నేను కేబుల్ వాళ్లు ఆ పోర్టు మూసేశారేమో అని అనుమానపడ్డాను, తొమ్మిదింటికి అదే కమాండ్ చేత్తో కొడితే రెండు సెకన్లలో టైమ్ వచ్చింది. పాపం కేబుల్ అబ్బాయిని రెండోసారి పిలవకముందే తెలిసింది కాబట్టి బతికిపోయాను.

బయోస్ గడియారాన్ని యూటీసీకి మార్చేశాక బావ దృష్టిలో సమస్య తీరిపోయింది. "టైమ్ బాగుంది కదరా, ఇంకేమి" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఆ బిళ్ల గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు అటో ఇటో జరుగుతుంది, ఏప్రిల్ నెలలో అనంతపురం ఎండకు ఆ స్ఫటికం చల్లగా ఉన్నప్పటిలా కొట్టుకోదు, పైగా ఈ బ్యాటరీ కూడా ఏదో ఒకరోజు చస్తుంది, అప్పుడు మళ్లీ ఏడుంపావు ఫోన్. ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ మూసేశాక రెండు గంటలు ఇవ్వమన్నాను.

ఆదివారం మొదట చేసింది అందరూ చేసేదే, ఎన్‌టీపీడేట్ లైను ముందు ముప్పై సెకన్లు ఆగమని పెట్టడం. రీస్టార్ట్ చేశాను, పనిచేసింది. ఇంకోసారి, పనిచేసింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ పనిచేసింది. అప్పుడు బావ ఒక మాట అన్నాడు, ఆయనకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు కాబట్టే అనగలిగాడు: "పొద్దున మేము ఇట్లా చేయం కదరా, గోడ దగ్గర స్విచ్ వేస్తాం."

అంతే. నేను రీస్టార్ట్ చేస్తున్నది కంప్యూటర్‌ని మాత్రమే, పక్కనున్న నెట్ డబ్బా నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. పొద్దున రెండూ ఒకేసారి లేస్తాయి.

లోపలి గడియారాన్ని కావాలనే తప్పుగా, 2019 ఉగాదికి పెట్టి (సరిగ్గా ఉంటే పరీక్ష పాసైందో ఫెయిలైందో తెలిసే దారి లేదు), మెయిన్ ఆపి, ఒక నిమిషం ఆగి, వేశాం. నేను కంప్యూటర్ ముందు, బావ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నెట్ డబ్బా ముందు. కంప్యూటర్ 38 సెకన్లకు లాగిన్ స్క్రీన్ ఇచ్చింది. డబ్బాలో ముందు పవర్ లైటు, తర్వాత ఎర్రలైటు మిణుకు మిణుకుమంటూ చాలాసేపు, తర్వాత పాన్ అని రాసున్న పచ్చలైటు కొట్టుకుని కొట్టుకుని నిలబడింది, అది నిలబడ్డాక కూడా ఇంకొంచెంసేపటికి గానీ ఇంటర్నెట్ లైటు రాలేదు. "రెండు నిమిషాల యాభై" అన్నాడు బావ. నా ముప్పై సెకన్ల నిద్ర ఏ మూలకు? మూడు వందల సెకన్లు పెడితే ఇవాళ్టికి సరిపోతుంది, కానీ కేబుల్ తెగి అరగంటకు వచ్చిన రోజున అదీ చాలదు. ఇలా నిద్రపుచ్చే వైద్యం నాకు నచ్చదు.

తర్వాత, నెట్‌వర్క్ వచ్చాకే ఈ పని మొదలుపెట్టు అని సిస్టమ్‌డీకి చెప్పే పద్ధతి ఉంది, నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ అంటారు. ఎన్‌టీపీడేట్‌ని ఆర్‌సీ డాట్ లోకల్ నుంచి తీసేసి, దానికో సర్వీస్ ఫైల్ రాసి, ఈ షరతు పెట్టాను. మెయిన్ ఆపాం, వేశాం. మళ్లీ 2019 ఉగాది. లాగ్ చూస్తే మూడు సెకన్లకే నెట్‌వర్క్ ఆన్‌లైన్ అయిందని రాసుకుంది. ఎందుకంటే ఈ కంప్యూటర్‌కి శాంపిల్ రూమ్ వాళ్ల కోసం నేను అడ్రస్ మారకుండా ఒకటే గట్టిగా కేటాయించాను, మధ్యలో కంప్యూటర్లను కలిపే చిన్న నెట్‌వర్క్ స్విచ్ (కరెంటు స్విచ్ కాదు) ఉంది, అది వెలగగానే కేబుల్ తగిలింది, అడ్రస్ ఉంది, ఇంకేం కావాలి అనుకుంది. ఆన్‌లైన్ అంటే దాని లెక్కలో వీధి గుమ్మం దాకా రావడమే, అవతల రోడ్డు ఉందో లేదో దానికి అనవసరం. ఈ పేరు పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి చేయాల్సింది చేశాను, ఎన్‌టీపీడేట్‌ని పీకేసి క్రోనీ అనే టైమ్ సరిచేసే ప్రోగ్రామ్ పెట్టాను. ఇది తలుపు కొట్టి వెనక్కి వచ్చే రకం కాదు, అక్కడే కూర్చుంటుంది. పేరు దొరక్కపోతే మళ్లీ వెతుకుతుంది, దొరికేదాకా. సర్వర్లుగా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్లది ఒకటి ఇచ్చాను, మన దేశపు అధికారిక టైమ్ ఉంచేది వాళ్లే, దానికి తోడు పబ్లిక్ పూల్ (ఎవరైనా వాడుకోగల టైమ్ సర్వర్ల గుంపు) నుంచి కొన్ని.

క్రోనీ సెట్టింగుల ఫైల్‌లో మేక్‌స్టెప్ అని ఒక లైను ఉంటుంది, పక్కన 1, 3 అని రెండు అంకెలు. తేడా ఒక సెకను దాటితే ఒక్క దెబ్బకు దూకి సరిచేయి, కానీ మొదటి మూడు సవరణల్లో మాత్రమే, ఆ తర్వాత నెమ్మదిగా జరుపు అని అర్థం. మూడు అంటే మూడు నిమిషాలేమో అని నేను మొదట భయపడ్డాను, కాదు, సర్వర్ నుంచి జవాబు వచ్చాక చేసే సవరణల లెక్క అది. నెట్ మూడు గంటలు ఆలస్యంగా వచ్చినా మొదటి సవరణ మొదటి సవరణే. దీనికి భిన్నంగా ఇదే పని చేసే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ అయితే 1000 సెకన్లకు మించి తేడా కనిపిస్తే ఇదేదో తేడాగా ఉంది అని తనే ఆగిపోతుంది, జీ అనే ఆప్షన్ ఇస్తేనే మొదటిసారికి మాత్రం ఒప్పుకుంటుంది. ఆర్‌టీసీసింక్ అనే లైను కూడా ఉందో లేదో చూసుకోండి, అదుంటే సరైన టైమ్‌ని కెర్నల్ (లినక్స్ గుండెకాయ) 11 నిమిషాలకోసారి ఆ బిళ్ల గడియారంలోకి కూడా రాస్తుంది.

మెయిన్ ఆపాం, వేశాం. కంప్యూటర్ లేచింది, మూలన ఏప్రిల్ 6, 2019. ఇద్దరం ఆ మూలనే చూస్తూ కూర్చున్నాం. ఎర్రలైటు, పచ్చలైటు, ఇంటర్నెట్ లైటు. ఇంకో పది పన్నెండు సెకన్లు. కళ్ల ముందే తేదీ ఇవాళ్టికి దూకింది, ఆ దూకుడుకు ఇన్నేళ్లు ఎవరూ ముట్టుకోలేదనుకుందో ఏమో స్క్రీన్ లాక్ పడింది. బావ గట్టిగా నవ్వాడు. క్రోనీలో సర్వర్ల జాబితా అడిగితే ఒకదాని పక్కన నక్షత్రం గుర్తు వచ్చింది, దీని మాటే వింటున్నాను అని దానర్థం.

ఆ స్క్రీన్ లాక్ చూశాక ఇంకో పని చేయాలనిపించింది. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ మొదలయ్యాక టైమ్ దూకితే ఆ మధ్యలో ఎంట్రీ చేసినవాటి సంగతేంటి? అందుకని క్రోనీ టైమ్ కుదిరింది అని చెప్పేదాకా సాఫ్ట్‌వేర్ మొదలవకుండా పెట్టాను, దానికి వెయిట్‌సింక్ అనే కమాండ్ ఉంది. "నెట్ లేని రోజు నేను ల్యాబ్ మూసుకోవాల్నా?" అని బావ. అదీ నిజమే. పది సెకన్లకోసారి చొప్పున ముప్పైసార్లు, అంటే ఐదు నిమిషాలు చూసి, అప్పటికీ రాకపోతే బ్యాటరీ గడియారాన్ని నమ్మి మొదలైపొమ్మన్నాను. శాంపిల్ రూమ్‌లోని విండోస్ కంప్యూటర్‌కి కూడా బయట ఎవరినీ అడక్కుండా ఈ కౌంటర్ కంప్యూటర్నే టైమ్ అడగమని చెప్పాను, కనీసం రెండూ ఒకే మాట మీద ఉంటాయి.

ఆ రెండు గంటలూ నాలుగయ్యాయి, అసలు శిక్ష మాత్రం ఆ తర్వాత ఉంది. 2018 తేదీతో పడిన రిపోర్టులు మొత్తం 46. తేదీ వరసలో అవి అట్టడుక్కు పోవడంతో అమ్మాయికి కనిపించక, కనిపించని ఒక రిపోర్టు కోసం ఒక ముసలమ్మకు రెండోసారి సూది కూడా గుచ్చారట, ఆ మాట బావ నాకు చివర్లో చెప్పాడు. వాటిని సరిచేయడానికి పనికొచ్చింది కంప్యూటర్ లాగ్ కాదు, ఆ అమ్మాయి కౌంటర్‌లో పెట్టుకునే పొడుగు నోట్‌బుక్. పేరు, వయసు, టెస్టు, డబ్బులు, పక్కన గోడ గడియారం చూసి రాసిన టైమ్. ఆమె చదివింది, నేను కొట్టాను. నలభై ఐదు అయ్యాయి. మిగిలిన ఒక్కదాని వరస మీద ఎవరో టీ గ్లాసు పెట్టినట్టున్నారు, గుండ్రటి మరకలో టైమ్ కరిగిపోయింది. తేదీ వేసి, టైమ్ దగ్గర ఖాళీ వదిలేశాను.